నిత్యవిద్యార్థి గిడుగు వేంకట రామమూర్తి

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి వాదపటిమను ఎరిగినవారు వినయమను మాటను ఆయనకు అన్వయించుటకు సందేహింతురు. ప్రతిపక్షుల దోషములను పుటలసంఖ్యతో సహా ఎత్తిచూపిన వాదియే లోకమునకు బాగుగా తెలిసిన రామమూర్తిగారు. కాని ఆ వాది వెనుక అరువది ఏండ్లపాటు విద్యార్థిగానే మిగిలిన ఒక ఉపాధ్యాయుడు ఉన్నాడు. ఆయన సాధించినదంతయు ఆ విద్యార్థి సాధించినదే.

1863 ఆగస్టు 29న ముఖలింగ క్షేత్రమునకు సమీపమున ఉన్న పర్వతాలపేటలో ఆయన జన్మించినారు. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి. 1875లో తండ్రి మరణించగా విజయనగరములో బంధువుల ఇంట నుండి చదువుకొన్నారు. గురజాడ అప్పారావుగారితో స్నేహము అప్పటిదే. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతముపై ఉపాధ్యాయుడుగా చేరినారు. ఉద్యోగము చేయుచునే ప్రైవేటుగా చదివి బి.ఏ. పట్టము పొందినారు.

చరిత్ర బోధించుట ఆయన వృత్తి. పాఠ్యపుస్తకము దాటనవసరము లేని వృత్తి అది. అయినను ముఖలింగ దేవాలయపు గోడలపై ఉన్న శాసనములను చదువలేకపోవుట ఆయనకు కొరతగా తోచినది. గురువు లేకుండ, పుస్తకముల సాయముతో ప్రాచీన లిపులను నేర్చుకొన్నారు. గాంగరాజుల రాజధానియైన కళింగనగరము ముఖలింగమే అని ప్రతిపాదించినారు. వజ్రహస్తుని నడగాం తామ్రశాసనమును పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించినారు. శాసనపరిశోధకుడుగా కీర్తి గడించుటకు ఇంతమాత్రము చాలును. ఆయన అంతటితో ఆగలేదు.

పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో సవరలు నివసింతురు. వారి భాష ద్రావిడము కాదు, ఆర్యము కాదు. ముండా కుటుంబమునకు చెందినది. దానికి నాడు లిపి లేదు, నిఘంటువు లేదు, నేర్చుకొనుటకు పుస్తకము లేదు. నేర్చినవారు ఉన్నది కొండలలోనే. తెలుగు, సవర రెండును తెలిసిన ఒకరిని పిలిపించి, ఇంట ఉంచుకొని, ఆయన ఎదుట శిష్యుడై కూర్చున్నారు. ఆ గురువు నాటి సంఘము అంటరానివాడుగా ఎంచిన కులమువాడు. శిష్యుడు బ్రాహ్మణుడు, కళాశాలలో పాఠము చెప్పువాడు. ఆ కాలపు కట్టుబాట్లను ఎరిగినవారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. పిమ్మట పంతులుగారు స్వయముగా సవర పల్లెలకు పోయి, వారి నోట విన్నదానితో తాము నేర్చినదానిని సరిచూచుకొన్నారు.

ఈ పరిశ్రమకు ఆయన చెల్లించిన మూల్యము గొప్పది. కొండలలో మలేరియా సోకినది. దానికై పుచ్చుకొన్న క్వినైను వలన వినికిడి దెబ్బతిన్నదని చెప్పుదురు. చెవుడు జీవితాంతము వదలలేదు. ధ్వనులను చెవితో పట్టి వేరుపరుపవలసిన శాస్త్రమునకు అంకితమైన వానికి ఇంతకు మించిన విఘాతము ఊహించుట కష్టము. అయినను పని ఆగలేదు. సవరలోని కంఠమూలీయ స్పర్శమువంటి ధ్వనులకు తెలుగులిపి చాలదని గుర్తించి, అంతర్జాతీయ ధ్వనిలిపి పద్ధతిని ఆశ్రయించినారు. సవరలో నామము తన సంక్షిప్తరూపముతో క్రియలో లీనమగు పద్ధతిని ఆయన వివరించినారు. ముండా భాషలను పరిశీలించువారు ఈ వివరణను నేటికిని విడువలేకున్నారు.

సవర పిల్లల కొరకు వాచకములు వ్రాసినారు, పాటలు, కథలు సేకరించినారు. మద్రాసు ప్రభుత్వము అందుకు పారితోషికము ఇవ్వబోగా దానిని స్వీకరింపక, ఆ ధనముతో సవరలకు బడి పెట్టవలసినదని కోరినారు. 1911లో ఉద్యోగవిరమణ చేసినారు. 1913లో రావుసాహెబు బిరుదము వచ్చినది. ఉద్యోగము ముగిసి, బిరుదము లభించిన ఏబదియేండ్ల మనిషికి విశ్రాంతి అనుచితము కాదు. ఆయన సవర వ్యాకరణ గ్రంథము వెలువడినది 1931లో, బిరుదము వచ్చిన పదునెనిమిదేండ్లకు. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడునప్పటికి ఆయనకు డెబ్బదియైదేండ్లు. నడుమ లభించిన కైజర్-ఇ-హింద్ పతకము పనిని తొందరపెట్టనూ లేదు, నిలుపనూ లేదు.

వ్యావహారిక భాషోద్యమములోనికి కూడ ఆయన ప్రశ్నద్వారముననే ప్రవేశించినారు. ఇంచుమించు 1906లో పాఠశాలల పర్యవేక్షకుడు జె.ఏ. యేట్సు దొర, మాటలాడు తెలుగునకు పుస్తకములలోని తెలుగునకు ఇంత భేదమేల అని అడిగినాడు. పలువురు తేలికగా దాటవేయదగిన ఆ ప్రశ్నను పంతులుగారు, అప్పారావుగారు, పి.టి. శ్రీనివాస అయ్యంగారు విడువలేదు. పరీక్షలలో వ్యావహారికమునకు లభించిన అనుమతి కొద్దికాలములోనే తొలగినది. ఆ పరాజయము ఆయనను గ్రంథముల కడకు నడిపించినది. ప్రాచీన వ్యాఖ్యానములను, శాసనములను, గ్రాంథికవాదుల రచనలను వరుసగా చదివి ప్రయోగములు పోగుచేసినారు. గద్య చింతామణి, బాలకవి శరణ్యము ఆ పఠనఫలములు. 1919లో రాజమహేంద్రవరమున ఏర్పడిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజమునకు కందుకూరి వీరేశలింగముగారు అధ్యక్షులు, రామమూర్తిగారు కార్యదర్శి. ‘తెలుగు’ పత్రికను నడిపినది ఆ ఏడే. 1925లో తణుకున ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో ఆయన చేసిన ప్రసంగమునకు బలము కంఠస్వరము కాదు, ముందుంచిన ప్రయోగములు. ఆయన మాట కొన్ని తావుల కటువుగా ఉండినదనుట నిజమే, దానిని కప్పిపుచ్చనక్కరలేదు. కాని ఆ కాఠిన్యము ఆధారములు లేని అధికారముపై చూపినది. తాను మాత్రము ఆధారమునకు ఎన్నడును లొంగియే ఉన్నాడు.

1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరగా, అరువదేండ్లకు సమీపించిన నివాసమును విడిచి ఆయన రాజమహేంద్రవరము చేరినారు. సవర నిఘంటువు పని అప్పటికి పూర్తికాలేదు. కాగితములు వెంట వచ్చినవి. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించినది. 1940 జనవరి 15న మద్రాసున ప్రజామిత్ర కార్యాలయములో పత్రికాసంపాదకులను సమావేశపరచి, ప్రజలు మాటలాడు తెలుగులో వ్రాయవలసినదని మరల ఒకమారు విన్నవించుకొన్నారు. ఏడు దినములకు, జనవరి 22న, పరమపదించినారు.