మెడలో కాపలా: కోర్నేయ్ హైమాన్స్ జీవితం

కంఠమణికి పక్కగా రెండు వేళ్ళు మెల్లగా ఆనిస్తే టక్ టక్‌మని కొట్టుకునేది ఒకటి చేతికి తగులుతుంది. మా ఊళ్ళో దాన్ని మెడనరం అనేస్తారు. నిజానికది నరం కాదు, ధమని. పేరు కరోటిడ్. మెడకి చెరో పక్కన ఒకటుంటుంది. గుండె నుంచి మెదడుకి నెత్తురు మోసుకెళ్ళే ముఖ్యమైన దారులివి. కంఠమణి పైఅంచు ఎత్తుకి వచ్చేసరికి ఒక్కో ధమనీ, వంశధార కాలువ మా టెక్కలి పొలాల్లో పాయలైనట్టు, రెండుగా చీలుతుంది. ఒక పాయ మెదడుకి, ఒక పాయ ముఖానికి. చీలిన చోట చిన్న ఉబ్బు ఉంటుంది, అదే కరోటిడ్ సైనస్. ఆ చీలికలోనే బియ్యపుగింజంత ముద్ద ఒకటి అతుక్కుని ఉంటుంది, దాని పేరు కరోటిడ్ బాడీ. 18వ శతాబ్దం నుంచీ శరీరం కోసి చూసినవాళ్ళకి ఈ ముద్ద కనబడుతూనే ఉంది. అది అక్కడ ఏం చేస్తుందో మాత్రం దాదాపు రెండువందల ఏళ్ళు తేలలేదు. దాన్ని తేల్చిన మనిషి గురించి రాయాలని ఈ సంచిక కోసం కలం పట్టాను.

కోర్నేయ్ హైమాన్స్ 1892 మార్చి 28న బెల్జియంలోని గెంట్ నగరంలో పుట్టారు. తండ్రి జాన్ ఫ్రాన్స్వా హైమాన్స్ అక్కడి విశ్వవిద్యాలయంలో ఔషధశాస్త్ర ఆచార్యులు, తర్వాత రెక్టరు కూడా. కొడుకు అదే ఊళ్ళో వైద్యం చదివారు. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి పడితే ఫిరంగిదళంలో ఆఫీసరుగా పనిచేశారు. 1920లో డాక్టరు పట్టా పుచ్చుకుని, పారిస్, లొసాన్, వియన్నా, లండన్, అమెరికాలోని క్లీవ్‌లాండ్ ప్రయోగశాలల్లో పని నేర్చుకుని, మళ్ళీ తండ్రి పక్కకే వచ్చి చేరారు. మా ఇళ్ళలో కొడుకు నాన్న వెనకాల నాగలి పట్టినట్టే ఈయన తండ్రి బల్ల దగ్గర కత్తి పట్టారు. అయితే వారసత్వంగా వచ్చిన పొలం దున్నకపోతే బీడే కదా! ఆయన దున్నారు.

అప్పట్లో అందరూ నమ్మినదేమిటంటే, నెత్తురు పోటు పెరిగినా తగ్గినా, నెత్తుట్లో ప్రాణవాయువు తరిగినా, ఆ సంగతి నేరుగా మెదడుకే తెలుస్తుందనీ, మెదడే శ్వాసని సర్దుతుందనీ. ఇది నిజమో కాదో తేలాలంటే మెదడుని, ఒంటిని వేరు చెయ్యాలి. తండ్రీ కొడుకులు సరిగ్గా అదే చేశారు. మత్తిచ్చిన ఒక కుక్క తలకి ఇంకో కుక్క మెడ ధమనుల నుంచి నెత్తురు అందించారు. ఆ తలకీ దాని సొంత ఒంటికీ మధ్య వేగస్ నాడులు తప్ప మరే లంకే లేకుండా చేశారు. ఒంటికి కృత్రిమ శ్వాస పెట్టారు. ఇక ఒంట్లో నెత్తురు పోటు పెంచితే తలలో శ్వాస కదలికలు ఆగాయి. పోటు తగ్గిస్తే హెచ్చాయి. ఒంటికి గాలి ఆపి ప్రాణవాయువు తగ్గనిస్తే తల మరింత గట్టిగా ఊపిరి పీల్చబోయింది. ఆ నాడులు కోసెయ్యగానే ఇవన్నీ ఆగిపోయాయి. అంటే కబురు నెత్తుటి ద్వారా కాదు, నాడి ద్వారా పోతోందన్నమాట. గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని దగ్గర కాపలావాళ్ళున్నారని దీంతో తేలింది.

పశువుల మధ్య పెరిగినవాణ్ణి కాబట్టి ఆ ప్రయోగం గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు మనసొప్పలేదు. ఇప్పటికీ పూర్తిగా ఒప్పదు. కానీ ఆ కుక్కల పుణ్యాన వచ్చిన జ్ఞానం ఈనాడు ప్రతి ఆస్పత్రిలోనూ మనుషుల్ని కాస్తోంది. రెండు మాటలూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచడం సైన్సు విద్యార్థికి తగదు.

తర్వాత కోర్నేయ్ హైమాన్స్ చూపు మెడ మీదికి మళ్ళింది. కరోటిడ్ సైనస్ మీద ఒత్తిడి పడితే గుండె నెమ్మదిస్తుందని జర్మనీ శాస్త్రజ్ఞుడు హెరింగ్ 1920లలోనే చూపించారు. హైమాన్స్, ఆయన సహచరులు ఇంకో అడుగు వేసి, సైనస్ నెత్తురు పోటుని కనిపెడుతుంటే, పక్కనున్న కరోటిడ్ బాడీ నెత్తుటి రసాయన స్థితిని కనిపెడుతోందని రుజువు చేశారు. రెండింటి కబురూ తొమ్మిదో కపాల నాడి కొమ్మ ద్వారా మెదడుకి చేరుతుంది. అలాగని పాత నమ్మకం మొత్తం అబద్ధం కాలేదు. బొగ్గుపులుసు వాయువు సంగతి మెదడు చాలావరకు తనంతట తానే కనిపెడుతుంది. ప్రాణవాయువు తరిగినప్పుడు మాత్రం మొదట కేక వేసేది ఈ బియ్యపుగింజే.

ఇదెక్కడో విదేశాల సంగతి అనుకోకండి. జీడితోటలో గంటసేపు వంగి పిక్కలేరిన మనిషి చటుక్కున లేస్తే నెత్తురు కిందికి జారుతుంది. అయినా కళ్ళు తిరిగి పడిపోడు. రెండు మూడు క్షణాల్లో సైనస్ కబురు పెట్టి, గుండె వేగం పెంచి, రక్తనాళాల్ని బిగిస్తుంది. ఈ కాపలా మరీ చురుకైనా చిక్కే. కొందరు పెద్దవయసువాళ్ళకి కాలరు బిగిసినా, మెడ తిప్పినా స్పృహ తప్పుతుంది. ఇక ఆ చీలిక దగ్గరే కొవ్వు పేరుకుని దారి ఇరుకైతే, అక్కడి నుంచి ముక్క ఊడి మెదడుకి కొట్టుకుపోతే, పక్షవాతం. మాట తడబడినా, ఒక చెయ్యి వాలిపోయినా, నిమిషాల్లో తగ్గిపోయిందిలే అని ఊరుకోకూడదు. కరోటిడ్ బాడీలో అరుదుగా గడ్డలు పుడతాయి. ప్రాణవాయువు పలచగా ఉండే ఎత్తయిన పర్వతాల మీద బతికేవాళ్ళలో ఇవి ఎక్కువ.

1930లో తండ్రి కుర్చీ కొడుక్కి వచ్చింది. 1938 సంవత్సరపు నోబెల్ వైద్య బహుమతిని 1939లో ఆయనకి ప్రకటించారు. యుద్ధం మొదలవడంతో స్టాక్‌హోంలో ఉత్సవం జరగలేదు. నోబెల్ ఉపన్యాసం ఇవ్వడానికి ఆయన 1945 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక్కడ ఇంకో పేరు చెప్పకపోతే అన్యాయం. స్పెయిన్‌లో కహాల్ మహాశయుని శిష్యుడు ఫెర్నాండో దె కాస్త్రో 1926, 1928 సంవత్సరాల్లో సూక్ష్మదర్శిని కింద ఈ ముద్ద నాడుల్ని చూసి, ఇది నెత్తుటిని రుచి చూసే అవయవమై ఉండాలని ముందే ఊహించారు. ఆయన ఆకారాన్ని చూసి ఊహించినదాన్ని హైమాన్స్ పని చూసి రుజువు చేశారు. బహుమతి హైమాన్స్ ఒక్కరికే వచ్చింది. దుక్కి ఒకరిది, కోత ఒకరిది అన్నట్టు! నా మటుకు నాకు ఆ బహుమతి ఇద్దరికీ రావలసింది.

హైమాన్స్ 1968 జులై 18న కన్నుమూశారు. గెంట్‌లోని సంస్థకి హైమాన్స్ పేరే ఉంది.

ఈ జీవితంలో నన్ను పట్టుకున్నది బహుమతి కాదు, పద్ధతి. ఒకేచోట కలిసిపోయిన కారణాల్ని ఒక్కొక్కటే విడదీసి, ఏది తీసేస్తే ఏది ఆగుతుందో ఓపిగ్గా చూడటం. మా ఉద్దానంలో కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా కిడ్నీ జబ్బు ఎన్నో ఇళ్ళలో దీపాలార్పింది. షుగరు లేనివాళ్ళకీ, బీపీ ముదరనివాళ్ళకీ వస్తోంది. నీళ్ళంటారు, ఎండలో ఒళ్ళు ఎండిపోవడమంటారు, పురుగుమందులంటారు, నొప్పిమాత్రలంటారు, వంశమంటారు. ఒక్కటీ ఇంకా రుజువు కాలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రం తెరిచారు. రోగులకి డయాలసిస్ దొరకడం గొప్ప ఊరటే. కానీ కారణం తేలేదాకా కొత్త రోగులు వస్తూనే ఉంటారు.

భవంతులు ప్రభుత్వాలు కడతాయి. కారణాన్ని విడదీసే చేతులు మాత్రం మన తరగతి గదుల్లోంచే రావాలి. మిత్రులారా, బి.యస్సీ. చదివి ఏం చేస్తావురా అని ఊళ్ళో అడిగితే నేను చెప్పబోయే జవాబు ఇదే. మీలో ఇంకొందరు కూడా ఇదే జవాబు చెబితే మా ఊళ్ళు ఇంకో రెండువందల ఏళ్ళు ఎదురుచూడనక్కర్లేదు.