లియోన్ తెరెమిన్

లియోన్ తెరెమిన్ (1896 ఆగస్టు 27 - 1993 నవంబరు 3) రష్యాకు చెందిన భౌతిక శాస్త్రవేత్త, ఆవిష్కర్త. ఈయన అసలు పేరు లెవ్ సెర్గేయెవిచ్ తెర్మెన్. చేతితో తాకకుండానే వాయించగల తెరెమిన్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం ద్వారా ప్రపంచ ప్రసిద్ధి పొందాడు. మనిషి కదలికను పసిగట్టి గంట మోగించే దొంగల హెచ్చరిక పరికరాన్ని రూపొందించిన తొలితరం వారిలో ఈయన ఒకడన్న విషయం మాత్రం అంతగా ప్రచారంలో లేదు.

బాల్యం, విద్య

తెరెమిన్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, ఫ్రెంచి మూలాలు గల కుటుంబంలో జన్మించాడు. చిన్నతనం నుండి ఇంట్లోనే విద్యుత్ ప్రయోగాలు చేసేవాడు. భౌతిక శాస్త్రంతో పాటు చెల్లో వాద్యం కూడా అభ్యసించాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సైన్యంలో రేడియో సాంకేతిక విద్య నేర్చుకున్నాడు.

కదలికను గుర్తించే పరికరం

యుద్ధానంతరం అబ్రాం ఐయోఫె ఆహ్వానంపై పెట్రోగ్రాడ్‌లోని భౌతిక సాంకేతిక సంస్థలో చేరాడు. అక్కడ వాయువుల విద్యుత్ ధర్మాలను కొలిచే పరికరాన్ని తయారు చేస్తుండగా, తన చేయి దగ్గరకు వచ్చినప్పుడల్లా దాని నుండి వెలువడే ధ్వని మారడం గమనించాడు. మానవ శరీరం విద్యుద్వాహకం. తీగకు సమీపంలో మనిషి కదిలితే ఆ తీగ కెపాసిటెన్స్ స్వల్పంగా మారుతుంది, దానితో డోలకం పౌనఃపున్యమూ మారుతుంది. ఆ మార్పును ధ్వనిగా వినిపిస్తే వాద్యం, రిలేకు పంపి గంటకు కలిపితే కాపలా పరికరం. పాత రేడియోలో విశాఖపట్నం కేంద్రం వింటూ ఏరియల్ తీగ దగ్గర చేయి ఆడించి, శబ్దం మారడం గమనించిన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల శ్రోతలకు ఇది కొత్త సంగతేమీ కాదు.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. పరికరం కొద్ది దూరం వరకే పనిచేస్తుంది. గాలిలోని తేమకు, ఉష్ణోగ్రతకు సర్దుబాటు తప్పి ఊరికే గంట మోగవచ్చు. సముద్రతీర గ్రామాలలో ఇలాంటి సర్క్యూట్‌ను సొంతంగా ఇంటికి అమర్చుకోదలచిన ఔత్సాహికులు ఇది గుర్తుంచుకోవాలి. ఇప్పుడు ఇళ్లలో ఎక్కువగా కనిపించే సెన్సర్లు శరీరం నుండి వెలువడే పరారుణ కిరణాలను గుర్తిస్తాయి. వాటి సూత్రం వేరు.

1922లో తెరెమిన్ తన వాద్యాన్ని, హెచ్చరిక పరికరాన్ని క్రెమ్లిన్‌లో లెనిన్ ఎదుట ప్రదర్శించాడు.

అమెరికాలో

1927 చివరలో న్యూయార్క్ చేరాడు. 1928లో వాద్యానికి పేటెంటు లభించింది. ఆర్‌సీఏ సంస్థ సుమారు 500 వాద్యాలు తయారు చేసినా, 1929 ఆర్థిక మాంద్యం వల్ల అమ్మకాలు సాగలేదు. దాచిన ఆయుధాలను పట్టే లోహశోధకాన్ని అల్కట్రాజ్ కారాగారానికి రూపొందించాడు. నల్లజాతి నర్తకి లవీనియా విలియమ్స్‌ను వివాహమాడాడు. 1938లో అప్పుల నడుమ స్వదేశం చేరాడు. బలవంతంగా తీసుకుపోయారనీ, తనంతట తానే వెళ్ళాడనీ రెండు వాదనలున్నాయి. భార్యాభర్తలు మళ్ళీ కలుసుకోలేదు.

నిర్బంధం, రహస్య పరిశోధన

1939లో ఈయనను అరెస్టు చేసి, 8 సంవత్సరాల శిక్ష విధించి కొలిమా శిబిరానికి పంపారు. ఆ తర్వాత ఖైదీలైన శాస్త్రవేత్తలతో పనిచేయించే ప్రయోగశాలకు మార్చారు. తుపొలెవ్, కొరొల్యోవ్ కూడా అలాంటి చోటనే పనిచేశారు. అక్కడ తెరెమిన్ చేసిన పరికరం చాలా విచిత్రమైనది. 1945 ఆగస్టులో సోవియట్ బాలబాలికలు మాస్కోలోని అమెరికా రాయబారి హారిమన్‌కు చెక్కతో చేసిన అమెరికా రాజముద్రను బహూకరించారు. దానిలో బ్యాటరీ, విద్యుత్ తీగలు లేని శ్రవణ పరికరం దాగి ఉంది. బయటి నుండి రేడియో తరంగాలు ప్రసరింపజేస్తే గదిలోని మాటలు ఆ తరంగాలతో కలిసి తిరిగి వెలుపలికి చేరేవి. 1952 వరకు దాన్ని ఎవరూ కనిపెట్టలేదు. ఇంటి కాపలా కోసం సెన్సర్ చేసిన వ్యక్తే పరాయి ఇంటి మాటలు వినే సాధనాన్ని కూడా చేయవలసి వచ్చింది. దాన్ని చేసే సమయానికి ఆయనే కాపలాలో ఉన్నాడు.

చివరి సంవత్సరాలు

1947లో విడుదలై, స్టాలిన్ బహుమతి పొందాడు. విడుదలైన తరువాత కూడా చాలాకాలం భద్రతా సంస్థకే పనిచేశాడు. 1956లో నిర్దోషిగా ప్రకటించారు. ఈలోగా అమెరికాలో రాబర్ట్ మూగ్ అనే యువకుడు తెరెమిన్ వాద్యాన్ని విడిభాగాలుగా ఔత్సాహికులకు అమ్మడం ప్రారంభించాడు. తెరెమిన్ 1991లో తిరిగి అమెరికా సందర్శించాడు. 1993లో మాస్కోలో 97వ ఏట మరణించాడు.