లెక్క తెలిసిన జీవితం – మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు

మన పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికలో ఒక మహనీయుని జీవితాన్ని స్మరించుకొనుటకు దూరదేశాలకు పోనవసరం లేదు. పాతపాళ్య ఉన్న ఈ జిల్లాలోనే, చిక్కబళ్ళాపురానికి సమీపంలోని ముద్దేనహళ్ళి గ్రామంలో 1861 సెప్టెంబరు 15న శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు జన్మించారు. (2007లో చిక్కబళ్ళాపురం వేరుపడువరకు ఇదంతా కోలారు జిల్లాయే.) తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. పూర్వీకులు ఆంధ్రదేశంలోని మోక్షగుండం నుండి వలస వచ్చిన తెలుగువారు. మన పిల్లల వలెనే వారిది కూడా ఇంట తెలుగు, వీధిలో కన్నడం.

తండ్రిని చిన్నతనంలోనే కోల్పోయి, చిక్కబళ్ళాపురంలో ప్రాథమిక విద్య ముగించి, బెంగుళూరు చేరి, ఇతర పిల్లలకు పాఠాలు చెప్పి సంపాదించిన డబ్బుతో సెంట్రల్ కళాశాలలో 1881లో బి.ఏ. పట్టా పొందారు. మైసూరు ప్రభుత్వ విద్యార్థి వేతనం పూనా సైన్సు కళాశాలకు దారి చూపింది. 1883లో ఇంజనీరింగు పరీక్షలో ప్రథమస్థానం పొంది, మరుసటి యేడు బొంబాయి ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు.

వీధిదీపం క్రింద చదివిన కథ, రైలుపట్టా విరుగుటను శబ్దంతో కనిపెట్టిన కథ మనం పిల్లలకు తరచుగా చెబుతుంటాము. వాటికంటె వారు చేసిన లెక్కలను చెప్పుట మేలని నా అభిప్రాయం. భౌతికశాస్త్రంలో వారు క్రొత్త సూత్రమేదీ కనుగొనలేదు. పాఠశాల పుస్తకాలలో ఉన్న సూత్రాలనే నదుల మీద, ఆనకట్టల మీద ప్రయోగించారు.

పూనా సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయం అందుకు మంచి ఉదాహరణ. ప్రతి వర్షాకాలం ఎంతో నీరు మరవ మీదుగా పొర్లి వృథాగా పోయేది. మరవను కట్టి ఎత్తు పెంచితే నీరు నిలుస్తుంది. అయితే వరద వచ్చినపుడు మట్టం ఇంకా పైకి లేస్తుంది. లోతు పెరిగినకొద్దీ నీటి పీడనం పెరుగును కనుక పాతగోడ తట్టుకొనజాలదు. ఇచ్చినది ఏమిటి, కనుగొనవలసినది ఏమిటి అని పిల్లలను మనం అడుగుతాము గదా! ఇచ్చినది పాతగోడ. కావలసినది అదనపు నీరు. 1903లో అక్కడ విశ్వేశ్వరయ్యగారు స్వయంచాలిత తలుపులను అమర్చారు. తలుపుల బరువుకు సరితూగే బరువు మరొకవైపు ఉంటుంది. నీరు నిర్ణీత మట్టాన్ని దాటగానే కొంత నీరు ఒక తొట్టిలో చేరుతుంది. తొట్టిలోని బరువు ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం తేలికవుతుంది. తూకం తప్పి తలుపులు తమంతట తామే తెరుచుకొంటాయి. వరద తీయగానే మూసుకొంటాయి. పూర్వం వరదనాడు చేరే మట్టానికి మించి నీరు లేవదు కనుక గోడపై క్రొత్త భారమేమీ పడలేదు. మరవ కంటె ఎనిమిది అడుగుల ఎత్తు వరకు నీరు నిలిచింది. ఇట్టి తలుపులనే తరువాత గ్వాలియరులోని తిగ్రా ఆనకట్టకు, కృష్ణరాజసాగరానికి కూడా అమర్చారు.

1908 సెప్టెంబరు 28న మూసీనది హైదరాబాదును ముంచివేసింది. వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. నిజాం ప్రభుత్వం ఆహ్వానించగా విశ్వేశ్వరయ్యగారు 1909లో అక్కడికి వెళ్ళి, వాన ఎంత, ఎంత నేల మీద అని పరిశీలించారు. హైదరాబాదుకు ఎగువన మూసీ పరీవాహక ప్రాంతం 862 చదరపు మైళ్ళు. ఈ లెక్కను మన పిల్లలే చేయవచ్చును. చదరపు మైలుకు 2,78,78,400 చదరపు టడుగులు. అంత నేలపై ఒక అంగుళం వాన కురిస్తే సుమారు 200 కోట్ల ఘనపుటడుగుల నీరు. దానిని రోజులోని 86,400 సెకన్లతో భాగిస్తే, సెకనుకు సుమారు 23 వేల ఘనపుటడుగులు. ఆనాడు కొన్నిచోట్ల ఒక్కరోజులో 12 అంగుళాలకు పైగా కురిసింది. అంతటా అంతే కురిసి, చుక్కైనా నేలలో ఇంకలేదనుకొన్నా సగటు ప్రవాహం సెకనుకు 2 లక్షల 78 వేలు. కాని వరద ఉద్ధృతి 4 లక్షల 25 వేలుగా తేలింది. వాన రోజంతా ఒకే తీరున కురవదు. పైగా ఎగువనున్న 788 చెరువులలో 221 తెగి, నిలువ నీరంతా ఒక్కమారుగా నదిలో పడింది. చెరువు కట్ట తెగుట ఎట్టిదో మన బాగేపల్లి సీమవారికి వేరే చెప్పనక్కరలేదు.

సమాధానం కూడా లెక్కలోనే ఉన్నది. ఉద్ధృతిని తగ్గించాలంటే నీటిని ఎగువన కొంతకాలం ఆపి, నెమ్మదిగా వదలాలి. వారి సూచన మేరకు మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లోను, దాని ఉపనది ఈసీపై హిమాయత్ సాగర్ 1927లోను పూర్తయ్యాయి. వరదను ఆపిన ఆ నీరే నగరానికి త్రాగునీరయింది.

అదే 1909లో మైసూరు సంస్థానానికి ముఖ్య ఇంజనీరైనారు. 1912 నుండి 1918 వరకు దివానుగా ఉన్నారు. 1911లో ప్రారంభమైన కృష్ణరాజసాగరం, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగుళూరు ఇంజనీరింగు కళాశాల అందరికీ తెలిసినవే. 1955లో భారతరత్న లభించింది.

1962 ఏప్రిల్‌లో, నూరేండ్లు నిండిన వయసున, బెంగుళూరులో కన్నుమూశారు. సమాధి ముద్దేనహళ్ళిలోనే ఉన్నది. మన పిల్లలను విహారయాత్రకు అక్కడికి తీసుకొనిపోవు తల్లిదండ్రులు, దారిలో కనబడిన చెరువు దగ్గర ఒక్క నిమిషం ఆగి, దాని కట్ట పైన సన్నగాను, అడుగున వెడల్పుగాను ఎందుకున్నదో వారిని అడిగి చూడవలెనని కోరుతున్నాను.