భద్రాచల రామదాసు

అశ్వారావుపేట ప్రాంతమున భద్రాచల రామదాసు పేరు వినని బాలుడుండడు. అయినను మన విద్యార్థులలో పెక్కుమంది ఆయనను చలనచిత్రముల మూలముననే యెరుగుదురు. 1964లో చిత్తూరు నాగయ్యగారు తామే నటించి, దర్శకత్వము వహించి రామదాసు చిత్రమును తీసిరి. 2006లో కె. రాఘవేంద్రరావుగారి దర్శకత్వమున అక్కినేని నాగార్జునగారు నటించిన శ్రీరామదాసు వెలువడెను. చెరసాల ఘట్టమును చూచి నిద్రలో ఉలికిపడిన పసివారిని, అట్టి దృశ్యములు పిల్లలకు తగునా యని మమ్మడిగిన తలిదండ్రులను మేమెరుగుదుము. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తర మిచ్చుటకు ముందు ఆయన చరిత్రను తెలిసికొందము.

ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న. 17వ శతాబ్దమున, ఖమ్మమునకు సమీపమందలి నేలకొండపల్లిలో లింగన్న, కామాంబ యను దంపతులకు జన్మించెను. గోలకొండ సుల్తానగు అబుల్ హసన్ తానీషా కొలువున మంత్రులైన అక్కన్న మాదన్నలు ఆయనకు మేనమామలని చెప్పుదురు. వారి ప్రాపున గోపన్న పాల్వంచ పరగణాకు తహశీలుదారయ్యెను. రైతులవద్ద శిస్తు వసూలు చేసి గోలకొండకు పంపుట ఆయన పని.

పోకల దమ్మక్క యను అడవిపల్లె స్త్రీ భద్రగిరిపై రాముని విగ్రహములను కనుగొని, పందిరి వేసి, పండ్లు నివేదించుచుండెనని స్థలపురాణము. ఆ పందిరిని చూచి గోపన్న మనసు కరగెను. ఆలయము కట్టించెను, చింతాకు పతకము, కలికితురాయి మున్నగు నగలు చేయించెను. ఇందులకై సర్కారు శిస్తు సొమ్మును సుల్తాను సెలవు లేకయే వెచ్చించెను. అది ఆరు లక్షలని ప్రతీతి. ఇచ్చట మేమొక మాట దాచజాలము. కార్యమెంత గొప్పదైనను, నమ్మి అప్పగించిన ధనమును అడుగక వాడుట దోషమే.

గోపన్న పండ్రెండేండ్లు చెరలో నుండెనని చెప్పుదురు. ఆ కొట్టు నేటికిని గోలకొండ కోటలో కలదు. దాని గోడపై దేవతారూపములు చెక్కబడియున్నవి; అవి రామదాసు చేతిపని యని జనులందురు. చిత్రకారునకు రంగులును కుంచెయు నుండును. ఈయనకు చీకటియు రాయియు మాత్రమే మిగిలెను. దెబ్బల బాధ సైపలేక ఆయన ఒక కీర్తనలో ఒక్కొక్క నగకైన వ్యయమును లెక్కచెప్పి రాముని నిష్ఠురమాడెను. ఆ కీర్తనలోనే తిట్టినందుకు నొచ్చుకొని మన్నింపు వేడెను. తుదకు రామలక్ష్మణులే సేవకుల వేషమున వచ్చి పైకము చెల్లించి రసీదు పొందిరనియు, తానీషా గోపన్నను సగౌరవముగా విడిచెననియు ఐతిహ్యము. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. భద్రాచలమున మాత్రము శ్రీరామనవమికి ప్రభుత్వపక్షమున ముత్యాల తలంబ్రాలు సమర్పించు ఆచారము నేటికిని సాగుచున్నది.

ఇక చిత్రముల మాట. వానియందు కబీరుదాసు గోపన్నకు ఉపదేశించినట్లు చూపిరి. కబీరు 15వ శతాబ్దము వాడు. కావున తెరపై చూచినదెల్ల చరిత్ర యనుకొనరాదు. కొరడా దెబ్బలను బొత్తిగా తీసివేసినచో ఆ నిష్ఠురపు కీర్తన బోధపడదు. పెద్ద తరగతులవారు దానిని చూడవచ్చును. పసివారిని మాత్రము ఒంటరిగా కూర్చుండబెట్టక, తలిదండ్రులు ప్రక్కనుండి, ఆ దెబ్బలెందుకు పడెనో, ఆ పాట ఎట్లు పుట్టెనో చెప్పవలయును.

బాలబాలికలారా! రామదాసు భక్తిని గౌరవింపుడు. ఆయన పొరపాటునుండి పాఠమును నేర్చుకొనుడు. మీ చేతికి పరుల సొమ్ము వచ్చిననాడు, ఖర్చునకు ముందే అనుమతి నడుగుడు.