చేతి కదలికకు అర్థం కల్పించిన మేధావి : డగ్లస్ ఎంగెల్‌బార్ట్

కంప్యూటరు ముందు కూర్చున్న విద్యార్థి మౌస్‌ను జరపగానే తెరపై బాణపు గుర్తు జరుగుతుంది. మీట నొక్కగానే కోరిన పుట ప్రత్యక్షమవుతుంది. పసివాడు సైతం చేయగల ఈ చిన్న పని వెనుక ఒక మహనీయుని జీవితకాలపు తపస్సు ఉన్నది. అయితే ఆయన కోరిన ఫలం ఇది మాత్రమే కాదు. ఆయనే డగ్లస్ ఎంగెల్‌బార్ట్.

ఆయన 1925 జనవరి 30న అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్ నగరంలో జన్మించారు. తొమ్మిదేళ్ళ ప్రాయంలోనే తండ్రిని కోల్పోయారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో చదువు మధ్యలో ఆపి, నౌకాదళంలో రాడార్ పనివానిగా ఫిలిప్పీన్స్ దీవులకు వెళ్ళారు. 1945లో అక్కడి లేతే దీవిలో, రెడ్‌క్రాస్ వారి చిన్న గ్రంథాలయంలో, వెన్నెవార్ బుష్ అనే శాస్త్రజ్ఞుని వ్యాసం ఆయన కంటబడింది. మానవుడు కూడబెట్టిన విజ్ఞానాన్ని యంత్రంలో భద్రపరచి, కోరిన క్షణాన వెలికి తీయవచ్చునన్న ఊహ ఆ వ్యాసంలో ఉన్నది. ఆ బీజం ఆయన మనస్సులో నాటుకొన్నది.

యుద్ధానంతరం 1948లో పట్టభద్రుడై మంచి ఉద్యోగం సంపాదించారు. 1950 డిసెంబరులో వివాహం నిశ్చయమైంది. సామాన్యునికి ఇంతకంటె కావలసినది ఏమున్నది? కాని ఆయన తన జీవితానికి లక్ష్యం ఏదని ప్రశ్నించుకొన్నారు. నానాటికీ జటిలమవుతున్న లోకసమస్యలను మానవులు కలిసికట్టుగా పరిష్కరించుకొనే శక్తిని పెంచాలని, అందుకు కంప్యూటరును సాధనం చేసుకోవాలని సంకల్పించారు. బర్క్‌లీలో 1955లో డాక్టరేటు పొంది, 1957లో స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో చేరారు. 1962లో తన ఆలోచనలను సమగ్రమైన నివేదికగా వెలువరించారు.

ఆనాటి కంప్యూటరు వేరు. చిల్లులు పొడిచిన కార్డులను అందించి ఫలితం కోసం గంటల తరబడి కాచుకోవలసి వచ్చేది. మనిషే యంత్రం వాకిట నిలబడేవాడు. ఈ వరుసను తలక్రిందులు చేయాలంటే తెరపై కోరిన చోటును చూపగల సాధనం కావాలి. ఎంగెల్‌బార్ట్ ఊహకు సహచరుడు బిల్ ఇంగ్లిష్ 1964లో రూపమిచ్చారు. అది చిన్న చెక్కపెట్టె. అడుగున లంబకోణంలో అమర్చిన రెండు చక్రాలు, పైన ఒక మీట. ఒక చక్రం అడ్డంగా, రెండవది నిలువుగా జరిగిన దూరాన్ని కొలిచేవి. కాంతి కలము, మోకాలితో నడిపే పరికరం వంటివాటితో పోల్చి పరీక్షించగా, అలవాటుపడిన వారి చేతిలో మౌసే మేలైనదిగా తేలింది.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనింపదగినది. మౌస్‌కు స్వయంగా ఏమీ తెలియదు. ఎంత జరిగినది, మీట నొక్కినది, వదిలినది అన్న వార్తలను మాత్రమే అది చేరవేస్తుంది. వాటికి అర్థం చెప్పవలసినది ప్రోగ్రామే. మాటపై నొక్కితే ఆ మాటను ఎన్నుకోవాలి; బొమ్మపై నొక్కి పట్టి జరిపితే బొమ్మను వెంట తీసుకుపోవాలి; వదిలిన చోట నిలపాలి. అందుకు, నొక్కిన స్థానాన్ని వదిలేవరకు గుర్తుంచుకోవాలి. 1984లో వచ్చిన మెకింతోష్ కంప్యూటరులో మీట నొక్కిన, వదిలిన వార్తలు వచ్చిన క్రమంలో బారులు తీరేవి. ప్రోగ్రాము ఒక్కొక్కదానినే అందుకొని బదులు పలికేది. ఏదో దీర్ఘమైన లెక్కలో మునిగి ఆ బారు వైపు చూడడం మరచిన ప్రోగ్రాము, పిలుపు వినని సేవకుని వంటిది. ఎదుట కూర్చున్నవాడు యంత్రం చెడిందనే భ్రమిస్తాడు. యంత్రమే మనిషి కోసం వేచి ఉండడం ఈ పద్ధతికి ప్రాణం.

1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో, సుమారు వేయిమంది నిపుణుల ఎదుట, తొంభై నిమిషాలపాటు ఆయన తన కృషిని ప్రదర్శించారు. కుడిచేతిలో మూడు మీటల మౌస్, ఎడమచేతి క్రింద ఐదు మీటల పలక. దూరాన ఉన్న సహచరునితో కలిసి తెరపై ఒకే పత్రాన్ని దిద్దడం చూచి సభ నివ్వెరపోయింది.

కాని పిదప కాలం అనుకూలించలేదు. ఆయన పద్ధతి అభ్యాసం కోరేది. మూడు చక్రాల బండిని ఎవరైనా తొక్కగలరు. సైకిలు పడుతూ లేస్తూ నేర్చుకోవాలి, కాని అది దూరం తీసుకుపోతుందని ఆయన భావన. లోకం సులభమార్గాన్నే వరించింది. సహచరులు కొందరు జిరాక్స్ సంస్థకు తరలిపోయారు. 1970లో లభించిన మౌస్ పేటెంటు హక్కు సంస్థదే అయినందున ఆయనకు రాయల్టీలు దక్కలేదు. 1987లో దాని గడువూ తీరిపోయింది. ఆలస్యంగానైనా 1997లో ట్యూరింగ్ పురస్కారం, 2000లో అమెరికా జాతీయ సాంకేతిక పతకం ఆయనను వరించాయి. 2013 జూలై 2న, తమ 88 ఏళ్ళ వయస్సులో, కీర్తిశేషులయ్యారు.

లోకం ఆయన పనిముట్టును అందుకొని, ఆశయాన్ని ప్రక్కన పెట్టింది. విద్యార్థి మిత్రులారా! రేపు మనలో కొందరు ప్రోగ్రాములు వ్రాయవచ్చు. ఎదుట ఉన్న మనిషి చేతి కదలికకు సకాలంలో బదులు పలికే ప్రోగ్రామును వ్రాయడం మొదటి మెట్టు. ఆ చేయి ఏ పనికి పూనుకొన్నదని ఆలోచించడం రెండవ మెట్టు. ఆ రెండవ మెట్టుపై ఎంగెల్‌బార్ట్ మన కోసం ఇంకా వేచి ఉన్నారు.