డాక్టరు శామ్యూల్ మడ్

1865వ సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీ, తెల్లవారుజామున నాలుగు గంటల వేళ, అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రమున ఒక పల్లెటూరి వైద్యుని తలుపు ఎవరో తట్టిరి. గుఱ్ఱములపై వచ్చినవారిరువురు. అందొకనికి ఎడమకాలి ఎముక విరిగియుండెను. వైద్యుడు అతనిని లోనికి గొనిపోయి, వాచిన కాలినుండి బూటును కోసి తీసి, బద్దలు వేసి కట్టు కట్టెను. ఆ రోగి జాన్ విల్క్స్ బూత్. ముందటి రాత్రి వాషింగ్టన్ నగరమున ఫోర్డ్ నాటకశాలలో అధ్యక్షుడు అబ్రహాం లింకన్‌ను కాల్చి పారిపోయి వచ్చిన హంతకుడు. ఆ వైద్యుడు శామ్యూల్ అలెగ్జాండర్ మడ్.

మడ్ 1833 డిసెంబరు 20న మేరీలాండ్‌లోని చార్లెస్ కౌంటీలో కలిగిన కుటుంబమున జన్మించెను. బాల్టిమోరులో వైద్యవిద్య నభ్యసించి 1856లో పట్టము పొందెను. మరుసటి సంవత్సరము సారా ఫ్రాన్సెస్ డయ్యర్‌ను వివాహమాడి, వైద్యముతోపాటు పొగాకు సేద్యమును సాగించెను. ఆ పొలమున పాటుపడినవారు నల్లజాతి బానిసలు. 1864లో మేరీలాండ్ బానిసత్వమును రద్దు చేసెను. అంతర్యుద్ధమున మడ్ సానుభూతి దక్షిణాది పక్షముననే యుండెను. ఈ సంగతిని మరచి అతని చరిత్రను చదువరాదు.

బూత్ అతనికి కొత్తవాడు కాడు. 1864 నవంబరులో బూత్ మడ్ ఇంట ఒక రాత్రి బస చేసెను. డిసెంబరు 23న వాషింగ్టన్‌లో జాన్ సరాట్ అను దక్షిణాది గూఢచారిని బూత్‌కు పరిచయము చేసినవాడును మడ్. అప్పటికి బూత్ పన్నాగము లింకన్‌ను చంపుట కాదు, అపహరించుట.

కట్టు కట్టిన నాటి మధ్యాహ్నము మడ్ సమీపముననున్న బ్రయన్‌టౌన్‌కు పోయెను. అచ్చట సైనికులుండిరి, హత్యావార్త ఊరెల్ల ప్రాకియుండెను. అయినను అతడు వారితో ఒక్క మాటయు చెప్పలేదు. మరునాడు ఈస్టరు పండుగ. నాడు బంధువగు మరియొక వైద్యునితో సంగతి చెప్పి, అధికారులకు తెలుపుమనెను. విచారణకు వచ్చినవారితో ఆ రోగి తానెరుగని వాడనెను. ఏప్రిల్ 21న ఆ బూటు అధికారుల చేత పడెను. దాని లోపల బూత్ పేరులోని కొంత భాగము వ్రాసియుండెను. కొలది దినములలో మడ్‌ను బంధించిరి.

తొమ్మిదిమంది సైనికాధికారుల న్యాయసభ ఎనమండుగురు నిందితులను విచారించెను. మరణశిక్షకు ఆరుగురి సమ్మతి కావలెను. మడ్ ఒక్క ఓటుతో ఉరిని తప్పించుకొనెనని చెప్పుదురు. జూలై 7న నలుగురిని ఉరితీసిరి. మడ్‌కు యావజ్జీవ శిక్ష విధించి, ఫ్లారిడా సమీపమున సముద్రమధ్యమందున్న డ్రై టార్టుగాస్ దీవులలోని జెఫర్సన్ కోటకు పంపిరి. 1865 సెప్టెంబరులో అతడు ఒక ఓడలో దాగి పారిపోజూచి పట్టుబడెను. సంకెళ్లు, చీకటికొట్టు దక్కినవి.

1867లో ఆ కోటను పచ్చజ్వరము చుట్టుముట్టెను. ఆ వ్యాధిని దోమ వ్యాపింపజేయునని 1900 వరకు రుజువు కాలేదు. కోటలోని వైద్యుడే దానికి బలియయ్యెను. అప్పుడు ఖైదీయైన మడ్ ముందుకు వచ్చి, తన్ను కాపలా కాచిన సైనికులకును తోటి ఖైదీలకును రేయింబవళ్లు చికిత్స చేసెను. తనతోపాటు శిక్షపడిన మైకేల్ ఓలాఫ్లిన్‌ను మాత్రము బ్రదికింపజాలకపోయెను. తుదకు తానును జ్వరపడి లేచెను. ఆ సైనికులే అతనిని విడిపింపుమని అధ్యక్షునికి విన్నవించుకొనిరి. 1869 ఫిబ్రవరి 8న అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ క్షమాపత్రముపై సంతకము చేసెను.

మార్చిలో మడ్ ఇల్లు చేరెను. తోటి ఖైదీయైన ఎడ్మన్ స్పాంగ్లర్ తరువాత అతని యొద్దకే వచ్చి, 1875లో అక్కడనే కన్నుమూసెను. మడ్ 1883 జనవరి 10న, నలుబది తొమ్మిదవ యేట, న్యుమోనియాతో మరణించెను.

క్షమ వేరు, నిర్దోషిత్వము వేరు. పౌర న్యాయస్థానములు పనిచేయుచున్న చోట పౌరులను సైనిక న్యాయసభ విచారింపరాదని 1866లోనే అమెరికా సుప్రీంకోర్టు మరియొక వ్యాజ్యమున తీర్పు చెప్పెను. దానినాధారముగా గొని అతని మనుమడు రిచర్డ్ మడ్ దశాబ్దములు పోరాడెను. 2002లో కోర్టు ఆ వ్యాజ్యమును త్రోసివేసెను. ఈలోగా 1977లో, ఉరితీయబడిన జార్జి ఆట్జెరోట్ వాఙ్మూలమొకటి వెలికివచ్చెను. అందు మడ్‌కు బూత్ యత్నము ముందే తెలియునన్న సూచన కలదు.

విరిగిన కాలికి కట్టు కట్టుట వైద్యుని ధర్మము. అది నేరము కాజాలదు. బ్రయన్‌టౌన్‌లో పెదవి కదపకపోవుటయు, పిదప ఎరుగననుటయు వైద్యధర్మములు కావు. జ్వరపీడితులకు చేసిన సేవ ఆ మౌనమును మాపలేదు. ఆ మౌనము ఈ సేవను తక్కువ చేయలేదు. రెండును ఒక్క మనిషివే. విద్యార్థులు అతని చరిత్రను చదువునపుడు ఈ రెంటిలో దేనినీ విడువరాదు.