ఆల్ఫాన్సు బెర్టిల్లాను

నేరస్థుడు పేరు మార్చుకొనినచో పోలీసువా రాతని నెట్లు పోల్చుకొందురని మొన్న తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు మమ్మడిగెను. గంట మ్రోగుటచే నాడు సగము మాత్రమే చెప్పగలిగితిమి. మిగిలిన సగము నిచ్చట వ్రాయుచున్నాము. ఆ ప్రశ్నకు మొట్టమొదట శాస్త్రీయమైన యుత్తరము కనుగొనిన ఘనత ఆల్ఫాన్సు బెర్టిల్లాను అను ఫ్రెంచివానిది.

ఈతడు 1853వ సంవత్సరము ఏప్రిలు 22వ తేదీన పారిసు నగరమున జన్మించెను. తండ్రి వైద్యుడు, జనసంఖ్యా గణనమున పేరుగాంచినవాడు. మాతామహు డా శాస్త్రమునకు నామకరణము చేసిన పండితుడు. అట్టి యింట పుట్టియు బాలుడు చదువున రాణింపలేదు సరికదా, ఒకటికంటె నెక్కువ పాఠశాలలనుండి వెడలగొట్టబడెను. విద్యార్థులు చదువు పత్రికలో నీ సంగతి వ్రాయవచ్చునా యని కొంత సందేహించితిమి గాని దాచుటయు న్యాయము కాదు. ఇంగ్లండు, స్కాట్లండులలో ఫ్రెంచి భాష నేర్పుచు కొంతకాలమును, సైన్యమున కొంతకాలమును గడపి, తుదకు తండ్రి పలుకుబడిచే 1879వ సంవత్సరము మార్చి నెలలో పారిసు పోలీసు కార్యాలయమున చిన్న గుమాస్తాగా ప్రవేశించెను.

పట్టుబడినవారి యానవాళ్లను కాగితముపై నకలు వ్రాయుటయే యాతని పని. ఎత్తు సామాన్యము, ముఖము సామాన్యము, ముక్కు సామాన్యము: ఇట్టి వ్రాతలు వేలకొలది. వీనివలన నెవరిని పోల్చుకొనగలము? పూర్వము ఫ్రాన్సులో నేరస్థుల శరీరముపై వాతవేయు క్రూరమైన యాచారముండెను. 1832లో దానిని మానిపించిరి. తరువాత పాత నేరస్థుని కనుగొనుటకు ముసలి జవానుల జ్ఞాపకశక్తియే శరణ్యమయ్యెను. ఛాయాపటములున్నను అవి పేరునుబట్టి పేర్చబడినవి. పేరే అబద్ధమైనప్పుడు పటమేమి తోడ్పడును?

బెర్టిల్లానున కింట చూచిన సంగతు లప్పుడు జ్ఞప్తికి వచ్చినవి. తండ్రియు నాతని మిత్రులును మనుష్యుల యెముకలను కొలుచుచుండువారు. ఇరువది యేండ్లు నిండిన పిమ్మట ఎముకల పరిమాణము దాదాపుగా మారదు. ఒక కొలత యిద్దరికి సరిపోవచ్చును. పదునొకండు కొలతలు సరిపోవుట మిక్కిలి యరుదు. తల పొడవు, తల వెడల్పు, ఎడమచేతి నడిమి వ్రేలు, ఎడమ పాదము, మోచేయి మొదలు వ్రేలికొన వరకు గల పొడవు మున్నగువానిని కొలిచి చీటిపై వ్రాయవలెను. అయితే వేల చీటులలో కావలసినదానిని వెదకుటెట్లు? ఇందే యాతని బుద్ధికుశలత గలదు. తల పొడవునుబట్టి చిన్న, నడిమి, పెద్ద యని మూడు భాగములు, ఒక్కొక్క దానిని తల వెడల్పునుబట్టి మరల మూడు, అప్పటికి తొమ్మిది. ఇంకొక కొలతతో ఇరువదియేడు, మరియొకదానితో ఎనుబదియొకటి. ఎనుబదివేల చీటులున్నను వెదకవలసినది వేయి చీటుల పెట్టెలో మాత్రమే. అందును చిన్న విభాగములు గలవు. లెక్కలు దేనికి పనికివచ్చునని యడుగు బాలు రీ వాక్యములను రెండవసారి చదువుదురు గాక.

ఆతని విన్నపమును చూచి పై యధికారి పరిహసించెను. మూడేండ్లు గడచినవి. 1882 చివర క్రొత్తగా వచ్చిన అధికారి కమెకాసు మూడు నెలలు గడువిచ్చి పరీక్షింపుమనెను. గడువు ముగియవచ్చుచుండగా, 1883 ఫిబ్రవరిలో, పట్టుబడిన యొకని కొలతలు అంతకుముందు వేరొక పేరుతో పట్టుబడినవాని చీటితో సరిపోయినవి. వాడు మొదట కాదనియు పిదప ఒప్పుకొనెను. 1884లో నిట్లు గుర్తింపబడినవారు 241 మంది. 1885లో ఫ్రాన్సువారు మరల మరల నేరము చేయువారిని సముద్రముల కావలి వలసప్రాంతములకు పంపు చట్టము చేసిరి. కావున ఆ చీటిపై నొకని జీవితమే యాధారపడియుండెను.

నేరము జరిగిన తావున దేనిని కదపకమునుపే ఛాయాపటము తీయించుటయు, దూరములను కొలుచుటకు వీలుగా ఆ పటము నంచులపై కొలతగీతలు ఏర్పరచుటయు ఈతడు వృద్ధిచేసిన పద్ధతులే.

ఇంతవరకు కీర్తి. ఇక మచ్చ. 1894లో సైనికోద్యోగియైన డ్రేఫసుపై రాజద్రోహ నేరము మోపబడెను. సాక్ష్యమొక చేతివ్రాత కాగితము. బెర్టిల్లాను చేతివ్రాతలయందు నిపుణుడు కాడు. అయినను ఆ వ్రాత డ్రేఫసుదేయని నిర్ణయించెను. వ్రాతలో భేదములు కనబడగా, అవి తన్ను గుర్తింపకుండుటకు డ్రేఫసే బుద్ధిపూర్వకముగా కల్పించినవని వాదించెను. పోలిక యున్నను నేరమే, లేకున్నను నేరమే! నిర్దోషి దూరదీవిలో నాలుగేండ్లకు పైగా బంధింపబడెను. వ్రాసినవాడు ఎస్టర్‌హాజీ యను వేరొక యుద్యోగి. 1904లో పాయింకరే మొదలగు మువ్వురు గణితజ్ఞులు బెర్టిల్లాను లెక్కలు నిరాధారములని తేల్చిరి. 1906లో డ్రేఫసు నిర్దోషియని న్యాయస్థానము ప్రకటించెను. మేమును ఒకప్పుడు గోడపై వ్రాత చూచి, అక్షరముల పోలికనుబట్టి యొక బాలుని దండించితిమి. వ్రాసినవాడు వేరొకడని వారము దినములకు తెలిసినది. ఆ బాలుని ముఖము మాకిప్పటికిని మరపునకు రాదు.

కొలతల పద్ధతి మన దేశమునకును వచ్చెను. వంగరాష్ట్రమున పోలీసు అధిపతియైన ఎడ్వర్డు హెన్రీ దానిని ప్రవేశపెట్టెను. కాని కొలుచువాని చేయి మారిన కొలతయు మారుచుండెను. అజీజుల్ హకు, హేమచంద్ర బోసు అను నిరువురు భారతీయుల సాయముతో హెన్రీ వ్రేలిముద్రలను 1,024 తరగతులుగా విభజించు పద్ధతి నేర్పరచెను. 1897లో హిందూదేశపు దొరతనమువారు కొలతలను విడిచి వ్రేలిముద్రల నంగీకరించిరి.

బెర్టిల్లానున కిది రుచింపలేదు. చీటులపై వ్రేలిముద్రలను చేర్చెనుగాని వానికి రెండవ స్థానమే యిచ్చెను. 1902లో పగిలిన గాజుపలకపై ముద్రలనుబట్టి హంతకుని కనుగొనినవాడును ఈతడే. అయినను మనసు మార్చుకొనలేదు. 1911లో లూవ్రు ప్రదర్శనశాలనుండి మోనాలిసా చిత్రము దొంగిలింపబడినప్పుడు గాజుపై బొటనవ్రేలి ముద్ర దొరకెను. దొంగ చీటి యంతకుముందే యా కార్యాలయమున నుండెను. కాని పెట్టెలు కొలతల ననుసరించి యేర్పడినవి. ముద్రను పట్టుకొని వెదకుటకు దారి లేదు. చిత్రము 1913లో ఇటలీలో దొరకెను.

1914 ఫిబ్రవరి 13వ తేదీన బెర్టిల్లాను మరణించెను. నేరస్థులను కూర్చుండబెట్టిన రీతినే తానును కూర్చుండి, ఎదుటినుండియు ప్రక్కనుండియు తీయించుకొనిన ఛాయాపటములుగల ఆతని స్వంత చీటి యొకటి, 1912 నాటిది, నేటికిని నిలిచియున్నది.